తెల్ల రవికకు పసుపు

మా అమ్మ చేతి కుట్టును నేను కళ్లు మూసుకుని తడిమినా గుర్తుపడతాను. ప్రతి నాలుగో కుట్టు దగ్గర సూదిని ఒకసారి వెనక్కి వేసి మళ్లీ ముందుకు తీసుకుపోయేది. ఎందుకంటే, ఒకచోట తెగినా మొత్తం ఊడిపోకుండా ఉంటుందని. పోయిన నెల వాంకూవర్‌లో ఒక గోడౌన్‌లో, తలకిందులుగా వేలాడదీసిన పాత బాలే దుస్తుల మధ్య నిలబడి ఆ కుట్టు కోసం వెతికాను. ఒకప్పుడు అమ్మ పనిచేసిన నాట్యబృందం వాళ్లు తమ పాత సామాను గది ఖాళీ చేస్తున్నారని, దుస్తులన్నీ అమ్మకానికి పెట్టారని మా అమ్మాయి మైత్రి ఫోన్‌లో చూసి చెప్పింది. "అమ్మమ్మ వర్క్ చేసిన ప్లేస్ కదా, డు యూ వాంట్ టు గో?" అంది. వద్దన్నాను. మర్నాడు అడిగినా వద్దనే అన్నాను. మూడో రోజు పొద్దున్నే కోటు తగిలించుకుని దాని కారు దగ్గర నిలబడ్డాను. నేను చూడాల్సింది అక్కడ ఒకటుంది. పన్నెండేళ్ల వయసులో నేను చేసి, ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా దాచుకున్న తప్పు తాలూకు మరక.

అమ్మ పేరు కామేశ్వరి. నరసాపురం దగ్గర పుట్టింది. అక్కడి ఆడపిల్లలకు పలక పట్టుకునే వయసులోనే లేసు అల్లే సూది చేతికి వచ్చేది. నాన్నకు ఇక్కడ ఇళ్ల ప్లాన్లు గీసే ఉద్యోగం దొరికితే నాకు తొమ్మిదేళ్లప్పుడు వచ్చాం. తర్వాత రెండేళ్లకు పైగా అమ్మ కిటికీ దగ్గర కూర్చుని వాన చూసింది. వాంకూవర్ వాన గోదావరి జిల్లా వానలా కురిసి వెలిసేది కాదు, జిడ్డులా పట్టుకునేది. మాట్లాడే మనిషి లేక అమ్మ గొంతు కూడా సన్నబడిపోయింది. ఒకరోజు బస్సులో ఒక తెల్లావిడ నా గౌను కాలరుకున్న లేసు పట్టుకుంది. ఎవరైనా లేసును ముందువైపు చూసి బాగుందంటారు. ఈవిడ కాలరు తిరగేసి, వెనకవైపు ముడులెక్కడున్నాయో చూసింది. "ఎవరు అల్లారు?" అని అడిగింది. నేను అమ్మ వైపు వేలు చూపించాను. ఆవిడే ఎథెల్. బాలే దుస్తులు కుట్టే గదికి పెద్ద. మూడు నెలలు చూసి నచ్చితే ఉంచుకుంటానని అమ్మను పనిలోకి పిలిచింది.

ఆ రోజు నుంచి మా ఇల్లే మారిపోయింది. అమ్మ పొద్దున్నే లేచి చారు పెట్టి, చీర కుచ్చిళ్లకు పిన్ను గుచ్చి, కాళ్లకు ఉన్ని మేజోళ్లు వేసి, పైన నాన్న పాత కోటు తొడుక్కుని బస్సెక్కేది. గదిలో మిగతా ఆడవాళ్లు బెల్‌బాటమ్ ప్యాంట్లు, రంగురంగుల పూసల దండలు వేసుకొచ్చేవారట. వాళ్ల మధ్య అమ్మ చీర ఒక వింత. సాయంత్రం వచ్చి అక్కడి సంగతులు చెబుతుంటే గొంతు మళ్లీ పెద్దదైంది. పైన బిగించే బాడీస్‌ను అమ్మ రవిక అనేది. నడుం చుట్టూ విచ్చుకుని నిలబడే పొట్టి స్కర్టును పళ్లెం పావడా అనేది. "పదకొండు వరసల నెట్టే, ఒకదాని కింద ఒకటి! ఆ పిల్ల తన కాళ్లు తను చూసుకోలేదు, పాపం" అని నవ్వేది. నాన్న మటుకు పేపరు దించకుండానే, "మూడు నెలలయ్యాక వద్దంటే మళ్లీ ఆ కిటికీ దగ్గరకేగా?" అనేవాడు. నాన్న చెడ్డవాడు కాదు. భయాన్ని ఎగతాళిగా చెప్పే అలవాటు ఆయనది. అమ్మ ఆ రాత్రి గిన్నెలు కొంచెం గట్టిగా కడిగేది.

శనివారాలు బడి ఉండదు కాబట్టి నన్నూ తీసుకుపోయేది. ఆ గది వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఇస్త్రీ ఆవిరి, తడిసిన ఉన్ని, జిగురు, చెమట, అన్నిటికీ పైన వోడ్కా. ఆ దుస్తుల్ని నీళ్లలో ముంచి ఉతకకూడదు, నెట్టు మెత్తబడిపోతుంది. అందుకని చెమట కంపు పోవడానికి లోపలివైపు వోడ్కా చల్లేవారు. సీసాలో పోసి తుస్సుమని కొట్టే పని నాకిచ్చారు. మొదటిరోజు అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "మీ నాన్నతో చెప్పకే, మన వంశంలో సారా సీసా పట్టిన మొదటిదానివి నువ్వే" అంది. జిప్పులుండేవి కావు. ఆట మధ్యలో జిప్పు తెగితే దిక్కులేదని అన్నిటికీ హుక్కులే. లావూ సన్నం పిల్లలు ఒకే రవిక మార్చి మార్చి వేసుకునేందుకు మూడు వరసల కాజాలు. లోపల ఒక టేపు ముక్క మీద, వేసుకున్న పిల్లల పేర్లు ఒకదాని కింద ఒకటి సిరాతో రాసేవారు. ఇప్పుడు మైత్రి కూతురు డ్యాన్సు క్లాసుకు వేసుకెళ్లే దుస్తులు సాగే గుడ్డవి. ఇంటికి రాగానే వాషింగ్ మెషీన్‌లో పడతాయి, మరుసటేడుకు చెత్తలో పడతాయి. వాటిలో ఎవరి పేరూ ఉండదు.

మూడో నెల చివరి వారం కొత్త బాలే మొదలవుతుంది. అందులో ముఖ్యమైన నర్తకి లోరెయిన్ వేసుకునే తెల్ల రవిక మొదటి కత్తిరింపు నుంచి చివరి హుక్కు దాకా అమ్మకే అప్పగించింది ఎథెల్. అదే అమ్మకు పరీక్ష అని గదిలో అందరికీ తెలుసు. అమ్మ మూడు వారాలు దాని మీదే కూర్చుంది. నిద్రలో కూడా వేళ్లు కదిలేవి. రవిక ఒక రూపానికి వచ్చాక ఒక శనివారం నేను దాన్ని చూసి, మనింట్లో కొత్త బట్ట చూస్తే అడిగే మాటే అడిగాను.

"అమ్మా, పసుపు పెట్టవా?"

మా ఇంట్లో కొత్త బట్ట ఏదైనా, నాన్న బనీనైనా సరే, ఒక మూల తడి పసుపు అద్దకుండా ఎవరూ వేసుకునేవాళ్లం కాదు. దుగ్గిరాల పసుపు పార్సిల్‌లో తెప్పించుకునేది అమ్మ, దానికోసం. కానీ ఆ రోజు అమ్మ చుట్టూ చూసి, గొంతు తగ్గించి కసిరింది.

"ఏవిటే ఆ మాటలు? ఇది మన బట్ట కాదు, వాళ్లది. నోరు మూసుకుని హుక్కులు ఏరు."

నాకు రోషం వచ్చింది. అమ్మ మూడు వారాలు కుట్టిన బట్ట వాళ్లదెలా అయిందో నాకు అర్థం కాలేదు. అదీగాక, పసుపు పెట్టకపోతే ఆ రవికకు ఏదో అవుతుందని, దాంతో అమ్మ పని పోతుందని గట్టిగా నమ్మాను. శుక్రవారం సాయంత్రం, రిహార్సలుకు ముందు, బడి నుంచి నేరుగా అక్కడికి వెళ్లాను. కోటు జేబులో కాగితం పొట్లం. అమ్మ ఇస్త్రీ బల్ల దగ్గరుంది. నేను కుళాయి కింద వేలు తడుపుకుని, రవిక లోపల ఎడమవైపు, నడుం దగ్గర ఇంత పసుపు అద్దాను. కొంచెం అద్దితే చాలదేమోనని ఎక్కువే అద్దాను.

మర్నాడు శనివారం. సాయంత్రం ఏడున్నరకు మొదటి ప్రదర్శన. మధ్యాహ్నం పన్నెండు దాటాక నేను ఎప్పుడూ చేసే పనికి దిగాను. ముందురోజు రిహార్సల్లో లోరెయిన్ చెమటకు రవిక తడిసి ఆరింది. దాన్ని తిరగేసి వోడ్కా చల్లాను. నా కళ్ల ముందే పసుపు కదిలింది. చుక్కగా ఉన్నది అంచులు వదిలి పాకడం మొదలుపెట్టింది. కంగారులో కడిగేద్దామని ఇంకా చల్లాను, చేతిగుడ్డతో రుద్దాను. తిప్పి చూస్తే పైవైపు తెల్ల సిల్కు మీద అరచెయ్యంత పసుపుపచ్చ మరక.

ముందు చూసింది ఎథెల్. ఒక్క అంగలో వచ్చి రవిక లాక్కుంది. ఏమిటిది అని కూడా అడగకుండా సబ్బు బిళ్ల తడిపి మరక అంచున రాసింది. పసుపు అక్కడికక్కడ ఎర్రబారింది. పారాణి కలిపే ప్రతి ఆడపిల్లకూ తెలిసిన సంగతే, కానీ ఎథెల్‌కు ఎలా తెలుస్తుంది? తెల్ల సిల్కు మీద నెత్తురులాంటి మరక చూసి గదిలో కుట్టుమిషన్లన్నీ ఆగిపోయాయి.

"సోపొద్దు! నో సోప్! వద్దమ్మా తల్లీ, సోపొద్దు!" అని అమ్మ అరుచుకుంటూ వచ్చింది. రవిక చేతిలోకి తీసుకుంది. మరక చూసింది. వాసన చూసింది. అమ్మ ముఖంలో రక్తం దిగిపోవడం నేను చూశాను.

"ఎవరు చేశారు?" అంది ఎథెల్. ఇంగ్లీషులో, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి.

నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. ఇంతలో అమ్మ, "ఐ. మై మిస్టేక్. ఐ పుట్ టర్మరిక్" అంది. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. నేను నోరు మూసుకున్నాను.

ఎథెల్ మరకను గోటితో గీకి చూసింది. "పోతుందా?" అని అడిగింది.

"సన్" అంది అమ్మ. "ఓన్లీ సన్."

అందరం కిటికీ వైపు తిరిగాం. తొమ్మిది రోజులుగా పట్టిన వాన. ఆ చలికాలం రోజుల్లో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు వాలిపోతుంది. ఎథెల్ గోడ గడియారం చూసి, కత్తెర తీసుకుని, రవికకూ పావడాకూ మధ్య కుట్లు తనే కోసి విడదీసింది. "నాలుగున్నర దాకా నీది. ఆ తర్వాత పాతది వేయిస్తాను" అంది. పాతది వేయించడమంటే ఏమిటో అమ్మకు చెప్పనక్కర్లేదు.

అమ్మ నిమ్మకాయ పిండి ముందు ఎరుపును విరిచి పసుపు చేసింది. తర్వాత కొత్త వోడ్కాతో, తెల్లగుడ్డ కింద పెట్టి, పసుపు తీయగలిగినంత తీసింది. అయినా తెల్లటి గోడ మీద చారు మరకలా కనిపిస్తూనే ఉంది. రవిక తీసుకుని మూడో అంతస్తు బయట ఇనుప మెట్ల మీదికి వెళ్లింది. నేను గొడుగు పట్టాను. వాన గొడుగు మీద టపటపా కొడుతోంది. కోటు వేసుకోవడానికి కూడా ఆగలేదు అమ్మ. చీర కొంగు తడిసి భుజానికి అతుక్కుపోయింది. ఒంటిగంటయింది. ఒకటిన్నరయింది. రెండయ్యేసరికి వాన సన్నబడింది కానీ మబ్బు మబ్బుగానే ఉంది. అమ్మ సూర్యనారాయణమూర్తిని పైకే వేడుకుంటోంది, మధ్యమధ్య తిడుతోంది. "నరసాపురంలో మాడ్చి చంపుతావు కదయ్యా, ఇక్కడేమొచ్చింది నీకు?" అంది ఒకసారి. మామూలు రోజైతే నవ్వేదాన్ని.

మూడు దాటాక మబ్బు ఒకచోట చిరిగింది. ఎండ పడమటివైపు నుంచి వచ్చి మెట్ల మీద చాపంత పట్టీగా పడింది. అమ్మ రెండు అరచేతుల్లో రవిక పరిచి ఆ పట్టీలో నిలబడింది. ఎండ ఒక మెట్టు కిందికి జరిగితే అమ్మా ఒక మెట్టు దిగింది. అలా ఏడు మెట్లు దిగింది. అరగంట కంటే ఎక్కువ లేదు ఆ ఎండ. నేను మరకను చూడలేక అమ్మ వేళ్లనే చూస్తూ నిలబడ్డాను. చలికి నీలంగా మారిపోయాయి. అప్పుడైనా చెప్పొచ్చు. పక్కన ఎవరూ లేరు. "నేనే అమ్మా" అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. ఈ పని అయ్యాక చెబుదాం, ముందు మరక పోనీ అనుకున్నాను.

ఎండ పోయింది. మరక చాలావరకు పోయింది, పూర్తిగా పోలేదు. వెతికితే కనిపించే నీడ ఒకటి మిగిలింది. లోపలికి రాగానే అమ్మ తన సంచీలోంచి లేసు ఆకు ఒకటి తీసింది. తన జాకెట్టు చేతికి వేసుకుందామని అల్లుకున్నది. నీడ మీద పెట్టి పట్టి చూపించింది. ఎథెల్ వెనక్కి జరిగి, తల వాల్చి చూసింది.

"రెండో వైపు ఏది?" అంది.

రెండోది లేదు. అమ్మ కుర్చీలో కూర్చుని సూది తీసింది. ఆ వేళ్లు చలికి వంగడం లేదు. నేను ఆవిరి గిన్నె తెచ్చి దగ్గర పెడితే అందులో వేళ్లు వెచ్చచేసుకుంటూ అల్లింది. ఆరు కావస్తుండగా రెండో ఆకు పూర్తయింది. తొందరలో ఒక రేకు తక్కువైంది. పావడాను రవికకు మళ్లీ కలిపి కుట్టడానికి ఎథెల్ కూడా సూది పట్టింది. లోరెయిన్ వచ్చి చేతులు పైకెత్తి నిలబడింది. హుక్కులన్నీ పెట్టి, అప్పట్లో పద్ధతి ప్రకారం చివర నాలుగు కుట్లు వేసి రవికను వంటిమీదే బిగించారు. ఆ పిల్ల నడుం దగ్గర లేసు ఆకులు తడిమి చూసుకుని ముద్దుగా నవ్వింది. ఎథెల్ నవ్వలేదు. "మీరిద్దరూ ఇంటికి వెళ్లండి. సోమవారం మాట్లాడదాం" అంది.

బస్సులో నేను, "అమ్మా, ఆ పసుపూ" అని మొదలుపెట్టాను.

"ఆ మాట ఎత్తకు" అంది అమ్మ, కిటికీ వైపే చూస్తూ. "ఎవరు చేశారో వాళ్లకు తెలుసు. చాలు."

ఆ మాట బాణంలా వచ్చి నాకు తగిలింది. అమ్మకు తెలుసు, నాకోసం నిందను తన మీద వేసుకుంది, ఇక నా నోటితో వినడం కూడా ఇష్టం లేదు అనుకున్నాను. ఆదివారమంతా అమ్మ అన్నం తినలేదు. నేనూ తినలేదు. సోమవారం బడి నుంచి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాను. అమ్మ కోటు విప్పుతూ నాన్నతో చెబుతోంది. "నీ కుర్చీ కిటికీ పక్కకు మార్పించాను, నీకు ఎండ కావాలి కదా, అందండీ ఆవిడ." నాన్న పేపరు దించాడు. చాలాసేపు మళ్లీ ఎత్తలేదు. అమ్మ ఆ కుర్చీలో పద్దెనిమిదేళ్లు కూర్చుంది.

పని నిలిచింది. కానీ ఆ శనివారం తర్వాత అమ్మ ఏ కొత్త బట్టకూ పసుపు పెట్టలేదు. పండక్కి పెట్టలేదు, నాకు ఓణీలిచ్చినప్పుడు పెట్టలేదు. నా పెళ్లి చీరలు పరిచి ముత్తయిదువలు, "కామేశ్వరమ్మగారూ, ముందు మీ చెయ్యి పడాలి" అంటే, "నా చేత్తో వద్దండీ, మీరెవరైనా పెట్టండి" అని వంటగదిలోకి వెళ్లిపోయింది. అందరూ వింతగా చూశారు. నేను తల దించుకుని కూర్చున్నాను. ఇన్నేళ్లయినా అమ్మ నన్ను క్షమించలేదు, దెప్పకుండా గుర్తుచేస్తోంది అనుకున్నాను. నాకు కోపం కూడా వచ్చింది. ఆ కోపంలోనే మైత్రి పుట్టినప్పుడు దాని తొలి గౌనుకు నేనూ పసుపు పెట్టలేదు. అమ్మ పోయి ఆరేళ్లవుతోంది. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

గోడౌన్‌లో ఆ రవిక దొరకడానికి గంట పట్టింది. తెలుపు మీగడ రంగుకు తిరిగింది, నెట్టు చిరిగింది. నడుం దగ్గర రెండు లేసు ఆకులు, ఒకదానికి ఒక రేకు తక్కువ. తిరగేశాను. టేపు మీద లోరెయిన్ పేరు, దాని కింద ఇంకో అయిదు పేర్లు. ఎడమవైపు నేను అద్దిన చోట చూశాను. ఏమీ లేదు. నీడ కూడా లేదు. ఇన్నేళ్లుగా నేను మోసిన మరక ఎప్పుడో పోయింది.

"అమ్మా, వాట్స్ దిస్?" అంది మైత్రి. లోపల నడుం చుట్టూ బిగువు కోసం కుట్టే దళసరి పట్టీ ఒకటుంటుంది. అది పాతబడి ఒకచోట ఊడి వేలాడుతోంది. మైత్రి దాన్ని పైకెత్తి పట్టుకుని ఫోన్ లైటు వేసింది.

పట్టీ కింద, ఎండా వెలుతురూ ఎన్నడూ తగలని చోట, పసుపు. గుండ్రంగా, ఉంగరపు వేలు మోపినంత. నేను అద్దిన చోటికి నాలుగు వేళ్ల దూరంలో. నేనది పెట్టలేదు. పట్టీ కుట్టేశాక దాని కిందికి ఎవరి వేలూ పోదు. మిగిలిన పట్టీ కుట్టు తడిమాను. మూడు ముందుకు, ఒకటి వెనక్కి.

నన్ను కసిరిన రోజుకే అమ్మ పెట్టేసింది. వాళ్ల బట్ట అంటూనే, ఎవరికీ కనబడని చోట, తన మొదటి రవికకు తన చేత్తో పసుపు పెట్టుకుంది. ఆ శనివారం సిల్కు మీద మరక చూసి అది తన పసుపే కారిందనుకుంది. ఎథెల్‌తో చెప్పింది నన్ను కాపాడటానికి కాదు, నిజమనుకుని చెప్పింది. బస్సులో "వాళ్లకు తెలుసు" అన్నది తనను తానే అనుకుంది. పట్టీ రెండు అంగుళాలు విప్పి చూసుకున్నా తన పసుపు చెక్కుచెదరలేదని తెలిసేది, కానీ విప్పే తీరిక ఎక్కడిది? ఆ తర్వాత తన చెయ్యి మంచిది కాదని నమ్మి, కూతురి పెళ్లి చీరను కూడా ముట్టుకోకుండా బతికింది. నేనేమో అదంతా నా మీద అలక అనుకుని కూర్చున్నాను. ఒక్క మాటతో తీరేది. ఆ మాట నా దగ్గరే ఉంది.

నేను అక్కడే ఒక పెట్టె మీద కూలబడి ఏడ్చాను. మైత్రి కంగారుపడి నా భుజం పట్టుకుంది. "అమ్మమ్మ పెట్టిందా ఇది? బట్ మన ఇంట్లో ఎవరూ పెట్టరు కదా?" అంది. ఏడుపు మధ్య దానికి జరిగిందంతా చెప్పాను, ఇంగ్లీషూ తెలుగూ కలిపి. అది ఓపిగ్గా విని, పట్టీ కింద పసుపు మళ్లీ ఒకసారి చూసింది.

"సో, ఇది స్ప్రెడ్ అవ్వలేదు. మరి ఆ స్టెయిన్ ఎవరిది?"

"నాది" అన్నాను. చెప్పాల్సిన మనిషికి మాత్రం ఎన్నడూ చెప్పలేదు.